హీరోగారి జుట్టు

మరోదా డ్యామ్ గట్టు మీద ఒక మనిషికి గుండు కొట్టించాలని నేను చాలా ఏళ్ళు ఎదురు చూశాను. అది దేవుడి మొక్కు కాదు, నా మొక్కు.

ఆ మనిషి ఛత్తీస్‌గఢీ సినిమాల్లో హీరో. సొంత డబ్బుతో సినిమాలు తీసేవాడు కాబట్టి నిర్మాత కూడా ఆయనే. ఒకప్పుడు దుర్గ్ నుంచి రాయ్‌పూర్ దాకా రోడ్డు పక్కన ఏ గోడ చూసినా ఆయన బొమ్మే. ఆ బొమ్మల్లో మొహం కంటే జుట్టు ఎక్కువ. మెడ దాకా దిగే ఉంగరాల జుట్టు, నుదుటి మీద పడే ఒక పాయ. ఆ పాయను ఊది పైకి ఎగరేస్తే హాల్లో ఈలలు పడేవి. ఆ జుట్టే నాకు కావలసింది.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి భిలాయ్ స్టీలు ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేశాడు. మా ఇల్లు ఖుర్సీపార్‌లో. నేను ఇంటర్ తప్పాను, మళ్ళీ రాయలేదు. కానీ సెక్టర్ 7లో మా మావయ్య క్వార్టర్‌కి రెండు వీధుల అవతల ఉద్యోగుల కోసం పెట్టిన చిన్న లైబ్రరీ ఒకటి ఉండేది. అందులో తెలుగుకి ఒకటే బీరువా. దాని తాళంచెవి ఎక్కడుందో అక్కడి గుమాస్తా బాబుకే తెలియదు. మొదటిసారి అడిగినప్పుడు, "తెలుగువాళ్ళే తెలుగు పుస్తకం అడగరు, నీకెందుకమ్మా?" అని నవ్వి, వెతికి వెతికి చివరికి చీపురు వెనక మేకుకి వేలాడుతున్న తాళంచెవి ఇచ్చాడు. ఆ బీరువా నేను ఖాళీ చేశాను. తర్వాత హిందీ అరలకి వెళ్ళాను. అక్కడ అట్ట, మొదటి పేజీలు ఊడిపోయిన ఒక పుస్తకం దొరికింది. సినిమా ఎలా తీస్తారో చెప్పే పుస్తకం. రాసింది ఎవరో ఈరోజుకీ నాకు తెలియదు. షాటు, కట్, కంటిన్యుటీ అన్న మాటలు నేను సినిమావాళ్ళ దగ్గర నేర్చుకోలేదు, ఆ పుస్తకంలో నేర్చుకున్నాను. కంటిన్యుటీ అంటే, తలుపు బయట ఎర్ర గాజులు వేసుకున్న మనిషి తలుపు లోపలికి వచ్చేసరికి కూడా ఎర్ర గాజులతోనే ఉండాలి. బయటి షాటు ఈ నెల తీసి, లోపలి షాటు వచ్చే నెల తీసినా సరే.

డిగ్రీలు ఉన్నవాళ్ళ మధ్య తర్వాత చాలా కూర్చున్నాను. వాళ్ళకి కాలేజీ ఉంది, నాకు బీరువా ఉంది. ఎప్పుడూ చిన్నతనం అనిపించలేదు.

మా వీధిలో వినాయకుడి పందిరికి డాన్సు పిల్లలు కావాలంటే నేనే తీసుకువచ్చేదాన్ని. పందిళ్ళ నుంచి ఆర్కెస్ట్రాలకి, అక్కడి నుంచి ఆల్బమ్ పాటలకి, చివరికి సినిమాలకి ఆర్టిస్టులను పంపడం మొదలుపెట్టాను. కార్డు మీద 'ఆర్టిస్ట్ కోఆర్డినేటర్' అని వేయించుకున్నాను. పెద్ద ఊళ్ళలో ఈ పనికి ఏజెంట్ అని గౌరవంగా పేరుంది. మా దగ్గర హీరోగారు నన్ను పిలిచిన పేరు 'సప్లయర్'. టెంట్లు, కుర్చీలు పంపేవాణ్ణి కూడా అదే పేరుతో పిలిచేవాడు. షూటింగులో నా పిల్లల వంతు వచ్చేదాకా నేను ఓ మూల కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. "సప్లయర్ పరీక్షకి చదువుతోంది, శబ్దం చేయకండి" అనేవాడు. యూనిట్ అంతా నవ్వేది. దానికి నేను పగబట్టలేదు. పగ చెల్లి గురించి.

చెల్లి మా పిన్ని కూతురు. మా వెనక వీధిలోనే ఇల్లు. డాన్సు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఒకసారి విన్న డైలాగు అక్షరం పోకుండా అప్పజెప్పేది. నలుపు, కళ, నడుము దాటిన జడ. నేను పంపిన పిల్లలందరూ గుంపులో వెనక నిలబడే పిల్లలే. హీరో పక్కన నిలబడే పిల్లను ఒక్కసారైనా ఖుర్సీపార్ నుంచి పంపాలని నా కోరిక. చెల్లి ఫోటోలు పట్టుకుని హీరోగారి ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో నాకే గుర్తులేదు. చివరికి ఆయన ఫోటోలో జడ చూసి ఆగాడు. "ఈ జడ నిజమేనా?" అన్నాడు. చెల్లిని పిలిపించి, జడ లాగి చూసి, హీరోయిన్‌గా తీసుకున్నాడు.

మొదటి షెడ్యూలు మరోదా గట్టు మీదే. పాటలో సగం, మాటల సీన్లు కొన్ని అయ్యాయి. చెల్లి నీళ్ళ అంచున నడుస్తుంటే జడ ఊగడం కెమెరాలో చూసి అందరూ మెచ్చుకున్నారు. మిగతాది పండుగ తర్వాత తీస్తామని యూనిట్ రాయ్‌పూర్ వెళ్ళిపోయింది.

ఆ ఖాళీలో పిన్ని చెల్లిని తీసుకుని విశాఖపట్నం రైలెక్కింది. చుట్టాల పెళ్ళి అనుకున్నాను. తిరిగి వచ్చారని తెలిసి వెళ్ళేసరికి చెల్లి గడపలో కూర్చుని ఉంది. తల నున్నగా ఉంది. దాని మీద గంధం.

"ఏటి పిన్నీ ఇది?" అన్నాను.

"మొక్కు తీర్సీసినామే. సిమ్మాద్రి అప్పన్నకి. గుంటకి యేషం వొస్తే తలనీలాలిస్తానని మొక్కినాను. ఆయనిచ్చినాడు, మరి ఆయనకివ్వొద్దేటి?"

"షూటింగు సగంలో ఉంది పిన్నీ!"

"సగం ఆయనే చేయించినాడు. మిగతా సగం ఆయనే సూసుకుంటాడు. నువ్వేటే ఆ మొకం? పెసాదం తిను."

చెల్లి నా చెయ్యి పట్టుకుంది. మా వైపు అక్కని అప్ప అంటాం. "అప్పా, అమ్మ మొక్కేసింది, కాదంటే పాపం కదా. విగ్ పెడతారు కదా? సినిమా కదా, హో జాయేగా నా?"

అవుతుందనే అన్నాను. ఆ మాట అబద్ధం కూడా కాదు. సినిమాల్లో విగ్గు కొత్తేమీ కాదు. నా అట్టలేని పుస్తకంలో దాని మీద ఒక అధ్యాయమే ఉంది. మా ఇళ్ళల్లో ఆడపిల్ల గుండు చేయించుకుందంటే ఇంటికి ఏదో మంచి జరిగిందని అర్థం. ఇరుగుపొరుగు వచ్చి ప్రసాదం అడుగుతారు. ఛత్తీస్‌గఢీ ఇళ్ళల్లో, ఇంకా పైన ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో ఆడమనిషి గుండుకి ఒక్కటే అర్థం. అది పిన్నికి ఎవరూ చెప్పలేదు. ప్లాంటు గేటు దగ్గర ఇన్నేళ్ళు వాళ్ళ పక్కనే బతికినా ఆ సంగతి మనకీ వాళ్ళకీ మధ్య ఎప్పుడూ రాలేదు.

రెండో షెడ్యూలు మొదటి రోజు చెల్లి తలకి పసుపుపచ్చ చున్నీ చుట్టుకుని వచ్చింది. నేను ముందుగా హీరోగారి దగ్గరికి వెళ్ళి, మొక్కు సంగతి చెప్పి, విగ్గు నా ఖర్చుతో తెప్పిస్తానన్నాను. ఆయన నా మాట సగంలో వదిలేసి లేచి చెల్లి దగ్గరికి నడిచాడు. అందరూ చూస్తుండగా చున్నీ లాగాడు.

"ఎవరు పోయారమ్మా మీ ఇంట్లో?" అన్నాడు హిందీలో. "పెళ్ళి కాకుండానే వితంతువు అయిపోయావా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"చూడండిరా, ఉడికిన ఇడ్లీ! సాంబారు ఎక్కడ?"

ఇక గట్టు గట్టంతా నవ్వు. లైట్లు పట్టేవాళ్ళు, డాన్సు పిల్లలు, వంటవాడు. ఒకడు ఫోను ఎత్తి తీస్తున్నాడు. చెల్లి చేతులు తల మీద పెట్టుకుంది. తల అంత పెద్దది, చేతులు అంత చిన్నవి అని నాకు అప్పుడే తెలిసింది.

"సర్, విగ్గు పెడితే తేడా తెలియదు," అన్నాను.

"విగ్గు హీరోయిన్‌కి నప్పదు. నా సినిమాలో విగ్గు ఉండదు." ఆయన ఆ చున్నీతో మొహం మీద చెమట తుడుచుకుని పక్కన పడేశాడు. "సప్లయర్, ఈ సరుకు వెనక్కి తీసుకుపో. జుట్టున్నది పంపు."

చున్నీ తీసుకోవడానికి కూడా చెల్లి వంగలేదు. గట్టు చివర ఆటో దాకా బోడితలతో నడిచింది. నేను వెనక నడిచాను. ఆమె ముందు నడిచేసరికి ఆమె మొహం నాకు కనపడలేదు, వాళ్ళ మొహాలే కనపడ్డాయి. ఒక్కొక్కటీ గుర్తు పెట్టుకున్నాను.

ఆ వీడియో మా కంటే ముందు ఖుర్సీపార్ చేరింది. 'ఇడ్లీ హీరోయిన్' అని పేరు పెట్టి ఒకరికొకరు పంపుకున్నారు. కిరాణా కొట్టుకి వెళితే పిల్లలు వెనకపడి పాడేవారు. చెల్లికి జుట్టు మళ్ళీ పెరిగింది. కెమెరా ముందుకి మాత్రం మళ్ళీ రాలేదు. ఎవరి పెళ్ళి వీడియోలోనైనా తల తిప్పుకునేది. పిన్ని మాత్రం చనిపోయేదాకా, "అప్పన్న ఊరుకోడు, ఆడి జుట్టు ఊడగొడతాడు" అంటూనే ఉండేది. అప్పన్నకి వేరే పనులు ఉంటాయి. ఆ పని నేను తీసుకున్నాను.

పగ కథలు ఏరి మరీ చదివాను ఆ రోజుల్లో. ప్రతి కథలోనూ గమనించింది ఒకటే. పగబట్టినవాడు తొందరపడితే కథ అక్కడితో అయిపోతుంది, పైగా వాడే జైల్లో ఉంటాడు. కాబట్టి నేను పని చేసుకున్నాను. నా పిల్లలను ఎవరి దగ్గరికి పంపాలో ఎవరి దగ్గరికి పంపకూడదో తెలుసుకున్నాను. ఏ తల్లి కూతురి వెంట షూటింగుకి వస్తానంటుందో, ఏ నటుడు మధ్యాహ్నం తర్వాత పనికిరాడో, ఏ డైరెక్టరు కథ చదవకుండానే సెట్టు మీదికి వస్తాడో అన్నీ నాకే తెలిసేవి. రాయ్‌పూర్‌లో ఎవరు సినిమా మొదలుపెట్టినా ముందు నాకు ఫోను చేసే రోజు వచ్చింది. ఒక్క హీరోగారు తప్ప. ఆయన సినిమాకి నేను ఒక్క మనిషిని కూడా పంపలేదు. అడిగితే "సరుకు లేదు" అనేదాన్ని.

తర్వాత ఇనప కమ్మీల వ్యాపారం చేసే ఒక సేఠ్‌కి సినిమాల మీద మోజు పుట్టి, రాయ్‌పూర్ రోడ్డులో స్టూడియో కట్టించాడు. మొదటి సినిమాకి నటుల కోసం నన్ను పిలిచాడు. పాత్రలు తెలియాలంటే కథ చదవాలి కదా, ఇవ్వమన్నాను. రెండు రోజుల తర్వాత వెళ్ళి, "సేఠ్‌జీ, ఈ కథలో తల్లి ఇంటర్వెల్ తర్వాత ఎక్కడికి పోయింది?" అని అడిగాను. గదిలో ఉన్న డైరెక్టరు, రచయిత, ఇంకా పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తల్లిని అందరూ మర్చిపోయారు.

"చావలేదు, ఊరెళ్ళలేదు, వంటింట్లోనూ లేదు," అన్నాను.

సేఠ్ పడీ పడీ నవ్వాడు. "నా డబ్బుతో వీళ్ళు మా అమ్మని మాయం చేస్తున్నారు! మీరు ఎంతవరకు చదివారు?"

"ఒక బీరువా, నాలుగు అరలు," అన్నాను.

అలా నేను ఆ స్టూడియోకి ప్రొడక్షన్ హెడ్ అయ్యాను. ఏ కథ తీయాలి, ఎవరితో తీయాలి, ఏ సీను ఏ రోజు తీయాలి అన్నది నా సంతకంతో నడుస్తుంది. నా ఆర్టిస్టుల ఒప్పందంలో ఒక షరతు పెట్టించాను: సినిమా పూర్తయ్యేదాకా జుట్టు మొక్కులు తీర్చరాదు. వకీలు నవ్వాడు. "ఇలాంటి పని ఎవరు చేస్తారు మేడమ్?" అన్నాడు. "మావాళ్ళు" అన్నాను. మొక్కులు మాత్రమే అని రాయించానని గమనించాలి. సీను కోసం తీయించడానికి అడ్డు లేదు.

చెల్లి ఈలోగా పార్లర్ పెట్టుకుంది. విశాఖ వెళ్ళి విగ్గులు అల్లడం నేర్చుకుని వచ్చింది. సన్నటి వల మీద కొక్కెంతో ఒక్కో వెంట్రుకా ముడివేస్తుంది. జబ్బు చేసి జుట్టు పోయిన ఆడవాళ్ళు భిలాయ్ నలుమూలల నుంచీ ఆమె దగ్గరికి వస్తారు. నాటకాలవాళ్ళకి కూడా చేసి ఇస్తుంది. నా స్టూడియోకి రమ్మని ఎన్నోసార్లు పిలిచాను. "సినిమావాళ్ళ గుమ్మం తొక్కను అప్పా" అనేది.

హీరోగారి రోజులు అయిపోయాయి. ఆయన తీసిన సినిమాలు వరసగా ఆడలేదు. జుట్టు మాత్రం అలాగే ఉంది. దాన్ని చూపించి లోకల్ టీవీలో తలనూనె ప్రకటనలు చేసేవాడు. మేము ప్లాంటు కార్మికుడి కొడుకు కథ ఒకటి తీయబోతున్నామని తెలిసి వచ్చాడు. నేను ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, చదువుతున్న పుస్తకంలో అధ్యాయం పూర్తి చేశాను. మంచి అధ్యాయం. మళ్ళీ మొదటినుంచి చదివాను.

"నమస్తే దీదీ!" అంటూ లోపలికి వచ్చాడు. "మీరు అప్పట్లో మా యూనిట్‌లో పుస్తకాలు చదివేవారు, గుర్తుందా? నేను అప్పుడే అనేవాణ్ణి, ఈమె పైకి వస్తుందని."

"గుర్తుంది," అన్నాను.

చెల్లి గురించి అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. కథ చెప్పాను. తండ్రి చనిపోతాడు, పెద్దకొడుకు మరోదా గట్టు మీద గుండు చేయించుకుంటాడు. కథకి ప్రాణం ఆ సీనే.

"అది నిజంగా తీయించాలి. నెత్తికి తొడుగులు, మేకప్పు నేను ఒప్పుకోను. పైగా ఆ సీను ముందు తీస్తాం. వానలు తగ్గిన వెంటనే డ్యామ్ నిండా నీళ్ళుండాలని డైరెక్టరు పట్టుదల."

ఆయన చెయ్యి తనకి తెలియకుండానే నుదుటి పాయ మీదికి వెళ్ళింది. "మరి మిగతా సినిమా? పాటలు? పెళ్ళి సీను?"

"విగ్గు పెడతాం. మీ జుట్టుతోనే చేయిస్తాం."

"విగ్గు బాగుంటుందా దీదీ?"

"సినిమా కదా. అవుతుంది."

ఆయన ఊపిరి పీల్చుకుని నవ్వాడు. ఒప్పుకున్నాడు. నా లెక్క వేరే. గుండు అయ్యాక విగ్గు పెట్టి చూస్తారు. అప్పుడు నేను అందరి ముందూ ఆ మాట అంటాను: విగ్గు హీరోకి నప్పదు, నా సినిమాలో విగ్గు ఉండదు. గుండు సీను ఒక్కటే ఆయనకి మిగులుతుంది. జుట్టున్న సీన్లన్నీ పడుచు వయసువే కాబట్టి దుర్గ్ నాటకాల కుర్రాడొకణ్ణి ముందే చూసి ఉంచాను. ఆ మాటలు స్నానం చేస్తూ కూడా అనుకునేదాన్ని.

గుండు రోజు చెల్లిని పిలిచాను. "నాకెందుకప్పా, పెళ్ళికూతురి మేకప్ బుకింగుంది," అని ఫోను పెట్టేసింది.

గట్టు మీద అదే చోట పీట వేయించాను. అదే నీళ్ళు. లైట్లవాళ్ళలో ఇద్దరు ఆనాటివాళ్ళే, మొహాలు నాకు గుర్తే. మంగలి ముందు కత్తెరతో పాయలు పాయలుగా కోసి గుడ్డలో వేశాడు. నుదుటి పాయ తెగినప్పుడు హీరోగారు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కత్తి. తెల్లటి నెత్తి, చెవుల మీద నూనె మరకలా నల్లటి గీత, వెనక ఎప్పటిదో గాయం మచ్చ. నేను నవ్వు కోసం చూశాను. ఒక్కరైనా కిసుక్కుమంటారని చూశాను.

ఎవరూ నవ్వలేదు. లైటు పట్టుకున్న ముసలాయన చెప్పులు విడిచాడు. డాన్సు పిల్లలు తల వంచారు. వంటవాడు చేతులు జోడించాడు. తండ్రి పోయిన కొడుకు గుండు వాళ్ళకి పుణ్యకార్యం, అది నటన అయినా సరే. అదే గట్టు, అదే మనుషులు, అదే బోడితల. ఆడపిల్లదైతే ఇడ్లీ, మగవాడిదైతే దండం. నాకు ఒళ్ళు మండిపోయింది. డైరెక్టరు నా దగ్గరికి వచ్చి "ఈయన ఇంత బాగా చేస్తాడని ఎవరూ అనుకోలేదు" అన్నాడు. నాకింకా విగ్గు మిగిలి ఉంది.

విగ్గు చూసే రోజు మేకప్ గదిలోకి నేను ఆఖరున వెళ్ళాను. హీరోగారు అద్దం ముందు కూర్చున్నాడు. ఆయన వెనక, చేతిలో అట్టపెట్టెతో, చెల్లి నిలబడి ఉంది.

విగ్గు బొంబాయి నుంచి తెప్పిస్తారనుకున్నాను. మా మేకప్ మేస్త్రికి తొందరగా కావాలి, భిలాయ్‌లో బాగా అల్లేది ఒక్కతే అని ఎవరో చెప్పారు. జుట్టు మూట పట్టుకెళ్ళి ఆమెకే ఇచ్చాడు. ఆమె నాకేమవుతుందో అతనికి తెలియదు. చెల్లి ఆ మూట తీసుకుంది, ఎవరి జుట్టో అడిగి మరీ తీసుకుంది. నాకు మాత్రం చెప్పలేదు.

హీరోగారు అద్దంలో ఆమెను చూశాడు. "నిన్ను ఎక్కడో చూసినట్టుందమ్మా."

"తల దించండి సర్," అంది చెల్లి హిందీలో.

ఆయన దించాడు. ఆమె దూదితో నెత్తి తుడిచి, అంచున జిగురు రాసి, విగ్గు పెట్టి, బొటనవేళ్ళతో నొక్కింది. తర్వాత ఒక్క పాయ తీసి నుదుటి మీదికి వదిలింది. హీరోగారు తల ఎత్తి ఊదాడు. పాయ ఎగిరి పడింది. గదిలో చప్పట్లు మోగాయి. ఆ జుట్టు ఆయన నెత్తి మీద పుట్టినప్పటి కంటే బాగుంది.

అందరూ నా వైపు తిరిగారు. మాట నా నాలుక చివర ఉంది. చెల్లి కూడా నన్నే చూస్తోంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె సినిమావాళ్ళ గదిలో, తన చేతిపనికి చప్పట్లు వింటూ నిలబడి ఉంది. నేను ఆ మాట అంటే రెండోసారి కూడా ఆమెనే వద్దన్నట్టు. అయినా అనబోయాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, అనబోయాను.

చెల్లి నా మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయింది.

"నువ్వేటనబోతన్నావో నాకు తెల్సు. ఆ మాట నేను కూడా మర్చిపోలేదప్పా. నప్పదు, నా సినిమాలో విగ్గు ఉండదు. అదే కదా?"

"అదే. నువ్వే అను కావాలంటే. నీ నోటితోనే అను."

"అంటే ఏటవుద్ది? ఆడు ఇంటికి పోతాడు. నాలుగ్రోజులు ఏడుస్తాడు. బాల్ వాపస్ ఆ జాయేంగే, జుట్టు మళ్ళీ వొచ్చేస్తాది. తర్వాత?"

"తర్వాతేముంది? చెల్లుకి చెల్లు."

"ఎన్ని పుస్తకాలు చదివినావే నువ్వు!" అని నవ్వింది. చిన్నప్పటి నవ్వు. "ఇను. జిగురు విగ్గు నిలవాలంటే నెత్తి నున్నగుండాల. రోజూ గీయాల. ఎవలు గీస్తారు? నేనే. షూటింగ్ ఉన్నన్నాళ్ళు పొద్దున్నే ఆడు నా ముందర కూర్సుని తల దించాల. ఎత్తమన్నప్పుడు ఎత్తాల. సాయంత్రం మళ్ళీ నా దగ్గరకే రావాల, పీకించుకోడానికి."

"నొప్పి పుడుతుందా?"

"నూనె రాసి మెల్లిగా తీస్తే పుట్టదు," అంది. "నాకు మెల్లిగా తీసే టైమ్ ఉండదు. పార్లర్ ఉంది కదా."

నేను చదివిన కథలన్నిట్లోనూ పగ ఒక్క దెబ్బతో తీరిపోయేది. ఆ ఒక్క దెబ్బ కోసం ఇన్నేళ్ళు బతికాను. ఈ పిల్ల దాన్ని రోజువారీ డ్యూటీ చేసింది, మా నాన్న షిఫ్టుల్లాగ.

లోపలికి వెళ్ళి "బాగుంది" అన్నాను. నా ఉద్యోగంలో ఇంత కష్టంగా ఏ మాటా అనలేదు.

షూటింగు ఇంకా జరుగుతోంది. దుర్గ్ కుర్రాడికి ఇంకో వేషం ఇచ్చాను. షెడ్యూలు అనుకున్నదాని కంటే సాగుతోంది. సేఠ్ అడిగితే క్వాలిటీ అంటున్నాను. పాట మళ్ళీ తీయిస్తున్నాను, పెళ్ళి సీనుకి ఇంకో రోజు కలిపాను. సాయంత్రం పూట మేకప్ వ్యాను పక్కన కుర్చీ వేసుకుని చదువుకుంటాను. లోపల్నుంచి "అమ్మా!" అని ఒక కేక వినపడుతుంది. పేజీ తిప్పుతాను.

మొన్న హీరోగారు నా దగ్గరికి వచ్చి పక్కన నిలబడ్డాడు. తల ఎర్రగా కందిపోయి ఉంది.

"దీదీ, ఆ విగ్గు అమ్మాయి ఎవరు? పొద్దున్న కత్తి పట్టుకుని చాలాసేపు ఊరికే నా తల చూస్తూ నిలబడుతుంది. మాట్లాడదు."

"అడగకపోయారా?"

"భయంగా ఉంది." ఇంకా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఎక్కడో చూశాను. ఎక్కడో చెప్పండి."

"ఆలోచించండి," అన్నాను. "షూటింగు చాలా రోజులు ఉంది."

ఆయన వెళ్ళిపోయాక రేపటి కాల్‌షీటు తెప్పించుకుని నేనే మార్చాను. హీరోగారు పొద్దున్న ఆరింటికల్లా మేకప్ కుర్చీలో ఉండాలి. ఆయన సీను మధ్యాహ్నం భోజనాల తర్వాత.